గ్రంథచౌర్యమూ, శ్రమచౌర్యమూ

విశ్వవిద్యాలయాలలో గ్రంథచౌర్యం గురించి ఇప్పుడు ఎవరిని కదిపినా శాతాల లెక్క చెబుతారు. పది దాటితే ప్రమాదం, నలభై దాటితే నేరం, అరవై దాటితే సర్వనాశనం. 2018 జూలైలో యు.జి.సి. ఈ విషయమై ప్రత్యేక నిబంధనలు ప్రకటించిన నాటి నుంచీ పరిశోధక విద్యార్థి నోట ఇదే జపం. చౌర్యమంటే ఏమిటి? అది ఎవరికి జరిగే అన్యాయం? ఎందుకు జరుగుతున్నది? ఈ మూడు ప్రశ్నలూ శాతాల కింద పడి నలిగిపోయాయి. వాటిని మళ్లీ వెలుగులోకి లాగడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను మాట్లాడబోయేది ఎక్కడో ఆక్స్‌ఫర్డులో జరిగే సంగతి కాదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల డిగ్రీ, పి.జి. విద్యార్థులు రాసిన ప్రాజెక్టు రిపోర్టులు కొన్నేళ్లుగా నా చేతికి వస్తున్నాయి. అవి ఏ కళాశాలవన్నది ఇక్కడ అప్రస్తుతం. ఏ కళాశాలవైనా ఒకే తీరు. నిజాంసాగర్ మీద రాసిన ప్రతి రిపోర్టుకూ మొదటి పేజీ ఒక్కటే. 1923లో పని మొదలై 1931లో పూర్తయిందనీ, మంజీర మీద కట్టారనీ, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ప్రతిభ అనీ - అదే వరుస, అవే విశేషణాలు, చివరికి అవే అచ్చుతప్పులు. బీడీ కార్మికుల మీద రాసిన రిపోర్టులలో జిల్లా పేరు మాత్రమే మారుతుంది. ఒకదానిలో అదీ మారలేదు. కామారెడ్డి బీడీ కార్మికుల ఆరోగ్యం గురించి చెప్పుకుపోతూ, నడుమ పక్క రాష్ట్రపు జిల్లా పేరు అట్లాగే మిగిలిపోయింది. ఆ రిపోర్టు రాసిన అమ్మాయి తల్లి బీడీలు చుడుతుంది!

ఈ చివరి వాక్యం దగ్గర పాఠకులు ఒక్క నిమిషం ఆగాలని నా కోరిక. ఇంట్లో కూర్చుని ఆకు కత్తిరిస్తున్న తల్లిని అడిగితే పది పేజీల విషయం దొరికేది. ఆమె ఆ తల్లిని వదిలి, తాను చూడని ఊరిలో, తాను ఎరగని మనిషి రాసిన పేజీలను తన పేరుతో సమర్పించింది. ఇక్కడ పోయింది ఆ అజ్ఞాత రచయిత సొత్తు మాత్రమేనా?

ఈ ప్రశ్న ఎత్తగానే మన అభ్యుదయ విద్యార్థులలోనే కొందరు ఒక వాదం తెస్తారు. అది తేలికగా కొట్టివేయదగ్గది కాదు. "జ్ఞానం సమాజమంతటిదీ అని మీరే అంటారు. సొంత ఆస్తిని ఒప్పుకోమనీ అంటారు. అట్లాంటప్పుడు వాక్యానికి యజమాని ఎవరు? ఎవరిదో ఒక పేరా ఎత్తి రాస్తే నేరమనడం బూర్జువా ఆస్తిహక్కును కాపాడడం కాదా?" వినడానికి విప్లవాత్మకంగానే ఉన్నది. కాని ఈ వాదంలో రెండు వేర్వేరు విషయాలు ఒకే మూటలో కట్టబడ్డాయి.

ఒకటి ప్రచురణ హక్కు. పుస్తకాన్ని ఎవరు అచ్చు వేయాలి, ఎవరు అమ్ముకోవాలి, చదవడానికి ఎంత సొమ్ము చెల్లించాలి అన్నవి దాని ప్రశ్నలు. రచయితకు పైసా ఇవ్వకుండా పరిశోధన పత్రాలను తీసుకుని, వాటినే విశ్వవిద్యాలయాలకు వేల డాలర్లకు అమ్మే పాశ్చాత్య ప్రచురణ సంస్థలది ఈ వ్యాపారం. దాన్ని వ్యతిరేకించడం న్యాయమే. రెండోది కర్తృత్వాన్ని ఒప్పుకోవడం. ఈ విషయాన్ని ఎవరు కష్టపడి కనుక్కున్నారు, ఈ మాటను ఎవరు మొదట అన్నారు అని చెప్పడం. ఇది ఆస్తి దస్తావేజు కాదు, శ్రమకు రసీదు. ఒకరి శ్రమను, చేసినవాడి పేరు చెరిపి, మరొకడు తనదిగా చూపించుకోవడాన్ని మనం మిగతా చోట్లంతా ఏ పేరుతో పిలుస్తామో గ్రంథచౌర్యాన్నీ ఆ పేరుతోనే పిలవాలి.

ఇంగ్లీషులో గ్రంథచౌర్యానికి వాడే ప్లేజియరిజం అన్న మాట పుట్టుకే ఈ సంగతి చెబుతుంది. లాటిన్‌లో ఆ మాటకు మూలమైనది మనుషులను ఎత్తుకుపోయేవాడి పేరు. స్వేచ్ఛాజీవిని బానిసగా అమ్మేవాడు, పరుల బానిసలను దొంగిలించేవాడు అని. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు కవి మార్షల్, తన పద్యాలను తనవిగా చదువుకుంటున్న వాడిని ఆ మాటతో తిట్టాడు. అంటే తొలినుంచీ ఈ నేరం వస్తువును దొంగిలించడం కన్నా మనిషిని మాయం చేయడంగానే గుర్తింపు పొందింది.

ఆస్తిహక్కుకు మార్క్స్ కన్నా పెద్ద శత్రువు లేడు. ఆయన 1867లో వెలువరించిన "పెట్టుబడి" మొదటి సంపుటం తెరిచి చూడండి. అడుగున పాదసూచికల బారు. లెనార్డ్ హార్నర్ వంటి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలు, ఎవరూ తలచని పాత కరపత్రాలు, పేరు తెలియని రచయితల పుస్తకాలు కూడా సంవత్సరంతో, పుటతో కనబడతాయి. ఒక ఆర్థిక భావాన్ని మొదట ఎవరు, ఎప్పుడు, ఎక్కడ స్పష్టంగా చెప్పారో నమోదు చేయడం ఆయన ఉల్లేఖనల ఉద్దేశాలలో ఒకటని ఎంగెల్స్ 1883లో వివరించాడు. మాల్థస్ జనాభా సిద్ధాంతం పూర్వుల నుంచి ఎత్తిరాసిందేనని దుయ్యబట్టినవాడూ మార్క్సే. 1872లో జర్మనీలో ఒక పత్రిక, గ్లాడ్‌స్టన్ 1863 నాటి బడ్జెటు ఉపన్యాసంలో లేని మాటను మార్క్స్ కల్పించాడని పేరు లేకుండా నింద వేసింది. రాసినవాడు బ్రెంటానో అని తరువాత తేలింది. ఆ వివాదం మార్క్స్ చనిపోయిన తరువాత కూడా సాగింది. ఇంగ్లీషు అనువాదం కోసం ఆయన కుమార్తె ఎలియనార్ ఉల్లేఖనలను ఒక్కొక్కటిగా మూలాలతో సరిచూసింది. 1890లో నాలుగవ జర్మన్ కూర్పు పీఠికలో ఎంగెల్స్ ఆ నిందకు వివరంగా జవాబు చెప్పాడు. జ్ఞానం అందరిదీ అని నమ్మిన కుటుంబం ఎవరి మాట ఎవరిదో తేల్చడానికి అంత కాలం వెచ్చించింది. మన విద్యార్థి మిత్రులు దీన్ని ఆలోచించుకోవాలి.

ఇక "ఇదంతా తెల్లవాళ్లు తెచ్చిన చాదస్తం, మన సంప్రదాయంలో అనుకరణే గొప్ప" అనేవారున్నారు. వారి మాటా నిలవదు. కవులు ఒకరినుంచి ఒకరు తీసుకునే తీరును తొమ్మిదవ శతాబ్దంలో ఆనందవర్ధనుడు మూడుగా విభజించాడు. అద్దంలో నీడ వంటిది ప్రతిబింబకల్పం. బొమ్మ గీసినట్లుండేది ఆలేఖ్యప్రఖ్యం. ఒకరిని పోలిన మరొక మనిషి వంటిది తుల్యదేహితుల్యం. మొదటి రెండూ వదలవలసినవనీ, మూడోది దోషం కాదనీ ఆయన నిర్ణయం. తరువాత రాజశేఖరుడు కావ్యమీమాంసలో "పరపురప్రవేశ"మనే నాలుగోది చేర్చి, శబ్దహరణం, అర్థహరణం అంటూ అధ్యాయాలకు అధ్యాయాలు రాశాడు. వెయ్యేళ్ల క్రితమే ఇంత సూక్ష్మంగా చర్చ జరిగిందన్నమాట.

అంత దూరం కూడా పోనక్కరలేదు. ఎల్లారెడ్డి నుంచి మెదక్ దారి పట్టి ఇంకొంచెం ముందుకు పోతే కొల్చారం వస్తుంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన కోలాచల మల్లినాథసూరి ఊరు అదేనని పండితులు చెబుతారు. మూలం లేనిది ఏదీ రాయననీ, అక్కరలేనిది ఏదీ చెప్పననీ ఆయన వ్యాఖ్యాన ప్రారంభంలో ప్రతిజ్ఞ చేశాడు. ఏ కోశం నుంచి అర్థం తీసుకున్నాడో, ఏ శాస్త్రం నుంచి ప్రమాణం తెచ్చాడో అడుగడుగునా పేరు పెట్టి చెప్పాడు. మల్లినాథుని పాండిత్యం ఆనాటి గుప్పెడుమందిది. బీడీ కార్మికురాలి కూతురికి ఆ గడప తొక్కే హక్కు లేదు. ఆ గోడ కూలవలసిందే, కొంత కూలింది కూడా. కాని గోడ కూల్చిన మనం ఆ ఇంట్లోని మంచి పద్ధతిని కూడా శిథిలాలలో పారేయనక్కరలేదు.

సరే, చౌర్యం తప్పు. మరి ఇన్ని వందల మంది యువకులు ఎందుకు చేస్తున్నారు? నీతి లేక అంటే అది విమర్శ అనిపించుకోదు. భౌతిక పరిస్థితులు చూడాలి.

ఈ విద్యార్థి పదో తరగతి దాకా ఎట్లా చదివాడు? ప్రశ్నకు జవాబు గైడులో ఉన్నది. గైడులోని జవాబును అక్షరం తప్పకుండా రాస్తే పూర్తి మార్కులు. సొంత మాటల్లో రాస్తే "పాయింట్లు లేవు" అని కోత. ఇంటర్మీడియట్‌లో అదే, డిగ్రీలో అదే. పదిహేనేళ్లపాటు ఎత్తిరాయడాన్ని తెలివి అని మెచ్చుకున్న వ్యవస్థ, పదహారో ఏట విశ్వవిద్యాలయం గుమ్మంలో నిలబెట్టి, ఎత్తిరాయడం నేరమని శాసనం చదువుతుంది. మధ్యలో ఉల్లేఖన ఎట్లా చేయాలో, చదివినదాన్ని సొంత మాటలో ఎట్లా చెప్పాలో ఏ తరగతిలోనూ ఎవరూ నేర్పలేదు. దానికి తోడు భాష. తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడిని ఇంగ్లీషులో రిపోర్టు రాయమంటారు. తనకు తెలిసిన విషయాన్ని తనకు రాని భాషలో చెప్పవలసి వచ్చినప్పుడు వాడు చేసేది ఒక్కటే: ఆ భాష వచ్చినవాడి వాక్యాన్ని తెచ్చుకోవడం. ఇక కళాశాలల చుట్టూ తయారు సరుకుగా రిపోర్టులు అమ్మే అంగళ్లున్నాయి. సరుకుకు గిరాకీ సృష్టించినది విద్యార్థి కాదు. చదవకుండా సంతకం పెట్టే పద్ధతి.

పైమెట్ల సంగతీ చూద్దాం. యు.జి.సి. 2009, 2016 నిబంధనలు పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందే పరిశోధన పత్రం అచ్చు కావాలన్నాయి. అధ్యాపకుల పదోన్నతికీ పత్రాల లెక్కే కొలబద్ద అయింది. సొమ్ము తీసుకుని ఏదైనా అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. పరిశోధక విద్యార్థులకు ఆ షరతును 2022 నిబంధనలలో తీసేశారు గాని, అప్పటికే అలవాటు వేళ్లూనింది. ఇది పేద విద్యార్థుల బలహీనత అనుకునేవారికి 2008 నాటి తిరుపతి ఉదంతం గుర్తు చేయాలి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడు 2004-2007 నడుమ విదేశీ పత్రికలలో వేసిన 70కి పైగా పత్రాలు ఎత్తిరాసినవో, కల్పించినవో అని తేలింది. ప్రపంచ రసాయనశాస్త్ర పత్రికలన్నీ దాన్ని చర్చించాయి. అంతకుముందు 2003లో కుమావూ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడే ఇట్లాంటి ఆరోపణ మీద పదవి వదులుకోవలసి వచ్చింది. పత్రాల సంఖ్యను బట్టి మనిషిని తూచే చోట, పైవాడు చేసేదే కిందివాడు నేర్చుకుంటాడు.

ఈ రోగానికి 2018 నిబంధనలు ఇచ్చిన మందు కొలత యంత్రం. పోలిక పది శాతం లోపైతే శిక్ష లేదు. నలభై లోపైతే ఆరు నెలల్లో దిద్ది ఇవ్వాలి. అరవై లోపైతే ఏడాదిపాటు సమర్పించకూడదు. అరవై దాటితే పేరు నమోదే రద్దు. సరిగా మూలం చెప్పిన ఉల్లేఖనలు, గ్రంథసూచి, విషయసూచిక, వరుసగా పద్నాలుగు మాటల లోపు యాదృచ్ఛికంగా కలిసేవి లెక్కలోకి రావు. 2019 నుంచి "శోధ్‌శుద్ధి" పేరుతో పోలిక పట్టే సాధనాలను ప్రభుత్వమే విశ్వవిద్యాలయాలకు అందిస్తున్నది. నిబంధన ఉండడం లేకపోవడం కన్నా మేలే. కాని యంత్రం మాటల పోలికను కొలవగలదు, చౌర్యాన్ని కొలవలేదు. మూడు వందల పేజీల వ్యాసానికి ప్రాణమైన ఆలోచన ఒక్క పేజీలో ఉండవచ్చు. ఆ పేజీ పరాయిదైతే శాతం సున్నాకు దగ్గరే, చౌర్యం మాత్రం నిండా నూరు. అంతేగాక శాతానికి భయపడినవాడు మాటలు మార్చడం నేర్చుకుంటాడు గాని ఆలోచించడం నేర్చుకోడు. "నిర్మించారు" కాస్తా "కట్టారు" అవుతుంది, "ప్రజలు" కాస్తా "జనం" అవుతారు. ఆనందవర్ధనుడు వదలమన్న రెండో రకం ఇదే.

తెలుగు దగ్గరికి వస్తే ఆ యంత్రం చూపు మరీ మందం. మన మంచి విమర్శ గ్రంథాలు ఎన్నో ఇంకా కాగితం మీదనే ఉన్నాయి. ఎన్నో సిద్ధాంత వ్యాసాలు పాత అచ్చు ఫాంట్లలో కూర్చినవి. "శోధ్‌గంగ"లో చేరినా యంత్రానికి అవి అర్థం లేని రోమన్ అక్షరాల కుప్పగా కనబడతాయి. ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేసి తనదిగా చెప్పుకుంటే పట్టుకోవడం దానికి మరీ కష్టం. కనుక తెలుగులో రాసేవాడికి కాపలాదారు వాడి అంతరాత్మే. ఆ తరువాత, చదివే ఉపాధ్యాయుడు.

అయితే చేయవలసిందేమిటి? ఉదాహరణతో చెబుతాను. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట రైతులకు నీరిచ్చే పోచారం చెరువు మీద ముగ్గురు విద్యార్థులు రాస్తున్నారనుకుందాం. మొదటివాడు ఒక పుస్తకం నుంచి రెండు పేజీలు దింపాడు, ఇది నీడ. రెండోవాడు వాక్యాల వరుస అట్లాగే ఉంచి మాటలు మార్చాడు. కింద పుస్తకం పేరు కూడా రాయలేదు. ఇది బొమ్మ. మూడో అమ్మాయి పుస్తకం చదివి, మూసి పక్కన పెట్టి, తనకు కావలసింది ఏమిటో తేల్చుకుని తన మాటల్లో రాసింది. ఆలేరు వాగు మీద 1922లో కట్ట పూర్తయిందన్నది అందరికీ తెలిసిన విషయం. దానికి మూలం చెప్పనక్కరలేదు. కట్టను ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో ఒక రచయిత చేసిన వాదం మాత్రం ఆయనది. అక్కడ పేరు, పుస్తకం, సంవత్సరం, పుట రాసింది. ఆయన మాటే బలంగా ఉన్నచోట ఉల్లేఖన గుర్తుల్లో పెట్టింది. ఆ తరువాత, 2025 ఆగస్టు చివర వరద మీద పడ్డప్పుడు నూరేళ్లు దాటిన ఆ కట్ట తట్టుకుని నిలిచిన రాత్రి తమ ఊళ్లో జనం ఏమి చేశారో నలుగురిని అడిగి రాసింది. ఆ చివరి పుటలు ఏ పుస్తకంలోనూ లేవు. పరిశోధన మొదలైనది అక్కడ.

చౌర్యంలో సగం నోటుపుస్తకంలోనే పుడుతుంది. చదివేటప్పుడు ఎత్తిరాసుకున్నదానికి ఉల్లేఖన గుర్తులు, పుట సంఖ్య. సంగ్రహించుకున్నదానికి పుట సంఖ్య. తన ఆలోచనకు పక్కన ఒక గీత. ఈ మూడూ కలిసిపోతే, ఆరు నెలల తరువాత ఏది ఎవరిదో బ్రహ్మకు కూడా తెలియదు. తన పాత వ్యాసాన్నే కొత్తదిగా మళ్లీ సమర్పించడమూ, స్నేహితునిచేత రాయించుకోవడమూ ఇదే కోవలోకి వస్తాయి.

ఇప్పుడు మరో రకం వచ్చింది. 2022 చివర నుంచి ప్రశ్న వేస్తే వ్యాసం రాసిచ్చే యంత్రాలు విద్యార్థి చేతికందాయి. వాటి మాటకు కర్త ఎవరని అడిగితే జవాబు లేదు. లక్షలమంది రాసినదాన్ని పేర్లు చెరిపి మరగకాచిన ద్రవమది. లేని పుస్తకాలకు కూడా నమ్మదగ్గట్టు పేరు, సంవత్సరం చెబుతుంది. ఆ ఉల్లేఖనలను గ్రంథాలయంలో సరిచూడకుండా దింపుకునేవాడు చౌర్యంతో ఆగడు, అబద్ధసాక్ష్యం కూడా చెబుతున్నాడు. తెలియని మాటకు అర్థం అడగడానికో, వ్యాకరణం సరిచూసుకోవడానికో వాడితే ఆ సంగతి చెప్పి వాడవచ్చు. ఆలోచన దానికి అప్పగిస్తే పట్టా కూడా దానికే ఇవ్వాలి.

ఏ శాతానికీ అందని చౌర్యం ఒకటున్నది. మనం ఎక్కువగా ఆలోచించవలసింది దాన్ని గురించే. కామారెడ్డి బెల్లం మీద పరిశోధన చేసే పండితుడు గానుగ దగ్గరికి పోతాడు. పాకం ఎప్పుడు దించాలో, ఏ నేల చెరకు ఏ రంగు ఇస్తుందో వండేవాడు పూసగుచ్చినట్లు చెబుతాడు. వ్యాసంలో అదంతా "పరిశోధకుని క్షేత్ర పరిశీలన"గా మారుతుంది. ఇంగ్లీషు పుస్తకానికి పుట సంఖ్య ఇచ్చే చేయి, బెల్లం వండిన మనిషి పేరు రాయడానికి కదలదు. పుస్తకం రాసినవాడికే కర్తృత్వం, నోటితో చెప్పినవాడు "సమాచారదాత" మాత్రమేనా? ఇది వర్గ దృష్టి కాక మరేమిటి? నిజాం మీద తిరగబడిన తెలంగాణ జనం నోట నిలిచి, 1979లో "మా భూమి" సినిమాలో గద్దర్ గొంతున మళ్లీ మోగిన పాట బండి యాదగిరిదని ఈనాటికీ ఎందరికి తెలుసు? పాట జనంలో కలిసిపోవడం గౌరవమే. మనిషి పేరు చరిత్రలోంచి జారిపోవడం మాత్రం నష్టం. కనుక చెప్పినవారిని అడగండి: మీ పేరు రాయవచ్చునా అని. రాయమంటే పేరు, ఊరు, తేదీ వేయండి. మేస్త్రీకో, యజమానికో భయపడి వద్దంటే పేరు దాచండి, కాని ఆ మాట వారిదేనని చెప్పండి.

ఉపాధ్యాయుల బాధ్యత గురించి చెప్పకుండా ఈ చర్చ ముగించడం న్యాయం కాదు. 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం డిచ్‌పల్లిలో వెలిసింది. భిక్కనూరులో దాని దక్షిణ ప్రాంగణం ఉన్నది. మొదటి తరం చదువరుల పిల్లలకు పరిశోధన గుమ్మం దగ్గరయింది. ఇది చిన్న విజయం కాదు. ఆ గుమ్మంలో వారికి శాతాల పట్టిక చేతికిచ్చి ఊరుకుంటే మనం చేసింది పోలీసు పని మాత్రమే. డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఉల్లేఖన పద్ధతి నేర్పాలి. తెలుగులో రాస్తామన్నవారిని రాయనివ్వాలి. సొంత మాటలో రాసిన వంకర వాక్యానికి, ఎత్తిరాసిన నున్నని పేరా కన్నా ఎక్కువ మార్కులు వేయాలి. వంద పేజీల కట్ట అడగడం మాని, కళ్లతో చూసి రాసిన పాతిక పేజీలు అడగాలి. వాటిని పూర్తిగా చదవాలి. రాసినవారిని ఎదుట కూర్చోబెట్టుకుని ప్రశ్నించాలి.

ఎత్తిరాసిన విద్యార్థి పరాయివాడి శ్రమను దొంగిలించాడన్నది నిజం. అంతకు ముందే ఆ విద్యార్థి చేతిలోంచి తన ఊరినీ, తన భాషనూ, తన కళ్లనూ ఎవరో లాక్కున్నారన్నదీ అంతే నిజం. మొదటి నిజాన్ని మాత్రమే చూసేవాడు శిక్షకుడు. రెండోదాన్ని మాత్రమే చూసేవాడు సాకులు చెప్పేవాడు. రెండింటినీ కలిపి చూడడం అభ్యుదయ విమర్శకుని పని. బీడీ కార్మికురాలి కూతురు తన తల్లి మాటను తల్లి పేరుతో, పుస్తకం మాటను పుస్తకం పేరుతో, తన మాటను తన పేరుతో రాయగలిగిన రోజున ఆ రిపోర్టును ఏ యంత్రంలో పెట్టి చూసినా మనకు బెంగ అక్కరలేదు.